మాటమీద చేయించిన అదనపు పని, ఆగిన ఫైనల్ బిల్లు, ఆడిట్ అభ్యంతరం: ఏ దారిలో వెళ్లాలి?

డెల్టా కాంట్రాక్టరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను కృష్ణా డెల్టాలో కాలువ పనులు, కల్వర్టులు చేసే చిన్న రిజిస్టర్డు కాంట్రాక్టరును. ఒక మేజరు కాలువకు కాంక్రీటు లైనింగు వేసి, దానిమీద ఉన్న రెండు పాత కల్వర్టులను తిరిగి కట్టే పనిని ఎస్టిమేటు మీద 12 శాతం లెస్‌కు (తక్కువకు) కోట్ చేసి, 2021 జనవరిలో అగ్రిమెంటు రాసుకున్నాను. విలువ సుమారు 2 కోట్ల 40 లక్షలు, గడువు తొమ్మిది నెలలు. కాలువలో నీళ్లు ఆగితే తప్ప బెడ్డులోకి (కాలువ అడుగుకు) దిగలేము కాబట్టి, కాగితం మీద తొమ్మిది నెలలున్నా చేతికి దొరికేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉండే మూసివేత కాలం ఒక్కటే. 2021 వేసవి కరోనా రెండో విడతలో కూలీలు దొరకక పోయింది. 2022లో ఖరీఫ్ నీటిని జూన్ 10నే వదలడంతో ఆ ఏడాది సగం లైనింగుతోనే ఆపవలసి వచ్చింది. మిగిలినదంతా 2023 జూన్ నాటికి పూర్తిచేసి అప్పగించాను. గడువు పొడిగింపు ఉత్తర్వులు జరిమానా లేకుండానే వచ్చాయి.

ఇప్పుడు చిక్కు మూడు చోట్ల ఉంది. కాలువలో సుమారు 400 మీటర్ల పొడవున బెడ్డు తవ్వగానే కాలు పెడితే మోకాలి దాకా దిగిపోయే మెత్తటి బంకమట్టి బయటపడింది. దానిమీద లైనింగు వేస్తే నిలవదని, 60 సెంటీమీటర్ల లోతున తీసేసి గ్రావెల్ నింపి రోలింగు చేయమని డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) గారు సైటులోనే చెప్పారు, మేము చేశాము. లెవెల్స్ తీశారు, ఎం-బుక్‌లో (శాఖ కొలతల పుస్తకంలో) కొలతలు ఎక్కించారు, కానీ ఆ ఐటమ్ అగ్రిమెంటులో లేదు, దానికి రాతపూర్వక ఉత్తర్వూ లేదు. మొత్తం 19 లక్షల పనిలో 6 లక్షలు మూడో పార్టు బిల్లులో చెల్లించారు. తర్వాత వచ్చిన ఆడిట్ బృందం, మంజూరు లేని ఐటమ్‌కు చెల్లింపు జరిగిందని పేరా (అభ్యంతరం) రాసింది. దాంతో మిగిలిన 13 లక్షలు ఇవ్వకపోగా, ఇచ్చిన 6 లక్షలను కూడా ఫైనల్ బిల్లులో కోసుకుంటామని డివిజన్ నుంచి లేఖ వచ్చింది. ఆ బిల్లు, దానితోపాటు పార్టు బిల్లుల్లో పట్టి ఉంచిన ఎఫ్‌ఎస్‌డీ (ఫర్దర్ సెక్యూరిటీ డిపాజిట్), ఇంకా విడుదల కాలేదు.

రెండోది ధరల సంగతి. రెండేళ్లు సాగిన పనిలో సిమెంటు, ఇనుము, డీజిలు పెరిగాయి. 2022 జూలై 18 నుంచి ప్రభుత్వ పనుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 18 శాతానికి మారింది. ఈ తేడాలు అడగవచ్చునా? మూడోది, ఎవరిని అడగాలన్నది. ఆర్బిట్రేషనా, హైకోర్టా, నాకు ఉద్యం (చిన్న సంస్థల) రిజిస్ట్రేషన్ ఉంది కనుక ఎంఎస్ఎంఈ కౌన్సిలా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

విశ్రాంత డీఈఈ

మీ ప్రశ్న చదివాక నా ఉద్యోగకాలంలో చూసిన పనులు కొన్ని కళ్లముందు మెదిలాయి. బెడ్డులో మెత్తటి మట్టి రావడం డెల్టాలో అరుదైన విషయమేమీ కాదు. నీళ్లు వదిలే తేదీ దగ్గరపడుతుండగా సప్లిమెంటల్ (అదనపు) ఐటమ్ ప్రతిపాదన ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజినీరు) గారి దాకా వెళ్లి మంజూరై వచ్చేవరకు పని ఆపితే ఆ సీజను పోతుంది. అందుకే సైటులో మాటమీద పని జరిగిపోతుంది, కాగితం తర్వాత కదులుతుంది. ఆ కాగితాన్ని తర్వాత కదిలించవలసిన బాధ్యత డివిజన్‌దే అయినా, అది కదలకపోతే నష్టపోయేది కాంట్రాక్టరు.

మీ చేతిలో ఉన్న బలం ఎం-బుక్. ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) కొలతలు రాసి, డీఈఈ చెక్ మెజర్‌మెంట్ చేసి సంతకం పెట్టిన పేజీకి ఉన్న విలువ ఆ తర్వాత రాసుకునే ఏ ఉత్తరానికీ ఉండదు. అయితే గ్రావెల్ నింపిన తర్వాత దానిమీద లైనింగు పడింది కనుక ఇప్పుడు ఎవరు వచ్చినా పైనుంచి కొలవలేరు. కాబట్టి మీరు ముందుగా తెచ్చుకోవలసినవి లెవెల్ ఫీల్డ్ బుక్ నకళ్లు. తవ్వక ముందు తీసిన లెవెల్స్, మెత్తటి మట్టి తీసేశాక తీసిన లెవెల్స్, గ్రావెల్ నింపాక తీసినవి, ఈ మూడూ ఒకే చైనేజీల (కాలువ పొడవున గుర్తించిన దూరాల) దగ్గర ఉండాలి. 25 మీటర్లకు ఒక క్రాస్ సెక్షన్ చొప్పున 400 మీటర్లకు మూడు దశల్లోనూ ఉంటే పరిమాణం మీద ఎవరూ వేలెత్తి చూపలేరు. ఏదో ఒక దశలో లెవెల్స్ లేకపోతే అక్కడే మీ కేసు పలచబడుతుంది. క్వాలిటీ కంట్రోల్ వారు గ్రావెల్ పొర మీద కాంపాక్షన్ పరీక్ష చేసి ఉంటే ఆ రిపోర్టు తేదీ కూడా ముఖ్యమే, ఎందుకంటే లైనింగుకు ముందు ఆ పొర అక్కడ ఉన్నదని చెప్పే మూడో సాక్ష్యం అది.

రేటు విషయంలో ఆశలు ఎక్కువ పెట్టుకోకండి. అగ్రిమెంటులో లేని ఐటమ్‌కు సాధారణంగా ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక) ప్రకారం రేటు కట్టి, మీ టెండరు శాతాన్ని దానికీ వర్తింపజేస్తారు. మన ఎస్టిమేటులలో కాంట్రాక్టరు లాభం, ఓవర్‌హెడ్ కలిపి 13.615 శాతం చేరుస్తారు. 100 రూపాయల ఖర్చు 113 రూపాయల 61 పైసలవుతుంది, దానిమీద 12 శాతం లెస్ అంటే మళ్లీ దాదాపు 100 రూపాయలకే వస్తుంది. అంటే ఎస్టిమేటు లెక్క నిజమైతే ఈ పనిలో ధరల పెరుగుదలను మోయడానికి తొలిరోజు నుంచే ఖాళీ లేదు. పోటీ అలా ఉన్నదని నాకు తెలుసు, కానీ ఇలాంటి రేట్లకు పనులు పోతున్నప్పుడు ఆ లోటును చివరికి కాంక్రీటో, కూలీయో, కోర్టో మోయవలసి వస్తున్నదన్నది శాఖ కూడా ఆలోచించవలసిన మాట.

మరొక్కటి. ఫైనల్ బిల్లు మీద సంతకం పెట్టేటప్పుడు 'పూర్తి పరిష్కారంగా అంగీకరిస్తున్నాను' అన్న వాక్యం ఉంటే, అదే రోజున మీ అభ్యంతరాలను ఈఈ (డివిజన్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) గారికి రాతపూర్వకంగా ఇచ్చి, ఇన్‌వర్డు నంబరు వేయించుకున్న నకలు దగ్గర పెట్టుకోండి. ఆ పని తర్వాత చేద్దామంటే దానికి అదే విలువ ఉండదు.

న్యాయవాది, విజయవాడ

పైన డీఈఈ గారు చెప్పిన రికార్డు మీద ఆధారపడే నేను చెప్పేదంతా. మీ అగ్రిమెంటు మా ఎదుట లేదు, అయినా మన రాష్ట్ర పనుల అగ్రిమెంట్లు చాలావరకు ఆంధ్రప్రదేశ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్‌లోని ప్రిలిమినరీ స్పెసిఫికేషన్లను తమలో భాగం చేసుకుంటాయి కనుక, 59, 73 క్లాజులు మీకూ వర్తిస్తాయన్న అంచనాతో రాస్తున్నాను. ముందు ఆ రెండూ మీ కాగితాల్లో ఉన్నాయో లేదో చూసుకోండి.

73వ క్లాజు ప్రకారం 50,000 రూపాయల లోపు వివాదాలే శాఖలోని మరో అధికారి ముందుకు వెళతాయి. అంతకు మించినవి సివిల్ కోర్టులో దావా ద్వారానే తేలాలి. అంటే మీ వివాదానికి ఆర్బిట్రేషన్ దారి లేదు. చాలామంది కాంట్రాక్టర్లు ఆర్బిట్రేటరును నియమించమని హైకోర్టులో దరఖాస్తు వేసి, అక్కడ అది నిలవక, కాలం పోగొట్టుకుంటున్నారు.

59వ క్లాజు ధరల విషయంలో మీకు అడ్డు. ఏ కారణంతో జాప్యం జరిగినా పరిహారం అడగరాదని, ప్రభుత్వం వైపు నుంచి జాప్యం జరిగినప్పుడు కూడా గడువు పొడిగింపు మాత్రమే దొరుకుతుందని అది చెబుతుంది. ఆటంకం మొదలైన 14 రోజుల్లోగా ఈఈకి రాతపూర్వకంగా తెలపాలన్న షరతు కూడా అందులోనే ఉంది. రామచంద్రారెడ్డి అండ్ కంపెనీ కేసులో 2001లో సుప్రీంకోర్టు ఈ క్లాజు ఆధారంగానే అదనపు రేట్ల క్లెయిమును తోసిపుచ్చింది. అయితే తలుపు పూర్తిగా మూసుకోలేదు. 2002లో సర్వేష్ చోప్రా కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి నిషేధం ఉన్నా కొన్ని పరిస్థితుల్లో క్లెయిము నిలుస్తుందని చెప్పింది. వాటిలో మీకు పనికివచ్చేది ఒక్కటే: పెరిగిన రేట్లు ఇస్తేనే పని కొనసాగిస్తామని కాంట్రాక్టరు ముందే స్పష్టంగా తెలిపి, యజమాని ఆ నోటీసు అందుకున్న తర్వాత కూడా పని చేయించుకుని ఉండాలి. 2022లో నీళ్లు వదిలినప్పుడుగానీ, పొడిగింపు అడిగినప్పుడుగానీ మీరు అలాంటి లేఖ ఇచ్చారా? పొడిగింపు దరఖాస్తులో 'అదనపు రేట్లు కోరబోను' అని రాయించుకోవడం మన డివిజన్లలో అలవాటు. ఆ వాక్యం ఉంటే ఈ భాగాన్ని వదిలేసి, గెలవగలిగిన దానిమీద శ్రద్ధ పెట్టడం మంచిది. జీఎస్టీ సంగతి వేరు. అది ధర పెరుగుదల కాదు, చట్టం ద్వారా వచ్చిన పన్ను మార్పు. అగ్రిమెంటులో జీఎస్టీని విడిగా చూపి చెల్లిస్తారా, రేటులోనే కలిపారా అన్నదాని మీద జవాబు ఆధారపడుతుంది. విడిగా చూపి ఉంటే 2022 జూలై 18 తర్వాత జరిగిన పనికి తేడాను గట్టిగా అడగండి.

గ్రావెల్ విషయంలో మీ స్థితి బాగానే ఉంది. మొదటి ఆధారం అగ్రిమెంటులోని అదనపు ఐటమ్‌ల క్లాజు. రాతపూర్వక ఉత్తర్వు లేదని దానికింద తోసిపుచ్చితే, ప్రత్యామ్నాయంగా కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చూపాలి. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా, చట్టబద్ధంగా ఒకరు మరొకరికి పని చేసిపెట్టి, రెండోవారు దాని ఫలితాన్ని అనుభవిస్తే పరిహారం చెల్లించాలని ఆ సెక్షన్ చెబుతుంది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి, బి.కె. మండల్ అండ్ సన్స్‌కు మధ్య కేసులో అధికారులు అడిగితే కాంట్రాక్టరు కట్టడాలు కట్టాడు, రాజ్యాంగబద్ధమైన రూపంలో ఒప్పందం లేదు. అయినా ప్రభుత్వం ఆ కట్టడాలను వాడుకుంది కనుక చెల్లించాలని సుప్రీంకోర్టు 60వ దశకం మొదట్లోనే తేల్చింది. మీ గ్రావెల్ మీద వేసిన లైనింగు గుండా ఇవాళ నీళ్లు పారుతున్నాయి.

రిట్ (ప్రభుత్వ చర్య మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) గురించి. డబ్బు వివాదాలకు హైకోర్టు సాధారణంగా సివిల్ కోర్టు దారి చూపిస్తుంది. శాఖే ఒప్పుకున్న బాకీని కారణం లేకుండా ఆపినప్పుడు మాత్రం రిట్ పనిచేస్తుంది. ఉపాధి హామీ పథకం కింద పూర్తయిన పనుల బిల్లులు ఆపినప్పుడు 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 12 శాతం వడ్డీతో చెల్లించమని ఆదేశించింది. మీ ఫైనల్ బిల్లులో వివాదం లేని భాగానికి, ఎఫ్‌ఎస్‌డీకి ఇది సరిపోవచ్చు. వివాదం ఉన్న గ్రావెల్‌ను దానిలో కలిపితే రెండూ కలిపి దావాకు పొమ్మంటారు. ఇక ఎంఎస్ఎంఈ కౌన్సిల్: 45 రోజుల గడువు, బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ వినడానికి ఆకర్షణీయంగా ఉంటాయి. కానీ వర్క్స్ కాంట్రాక్టులకు ఆ చట్టం వర్తించదని పలు హైకోర్టులు చెప్పాయి. మీలాంటివారు అక్కడ ఏళ్లు గడిపి వెనక్కి రావడం నేను చూస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది కాలపరిమితి, అంటే దావా వేయడానికి ఉన్న గడువు. పని 2023 జూన్‌లో పూర్తయింది కనుక మూడేళ్ల లెక్క అక్కడ మొదలవుతుందనే భయంతోనే నడుచుకోండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలి. 3 లక్షలు దాటిన నిర్మాణ వివాదం కమర్షియల్ కోర్టుకే వెళుతుంది కనుక దావాకు ముందు మధ్యవర్తిత్వమూ తప్పనిసరే. నోటీసు కాలం, మధ్యవర్తిత్వ కాలం పరిమితి లెక్క నుంచి మినహాయిస్తారు. నోటీసులో వడ్డీని కూడా స్పష్టంగా అడగండి. అగ్రిమెంటులో వడ్డీ ఊసు లేనప్పుడు, వడ్డీ చట్టం కింద అది రాతపూర్వకంగా అడిగిన తేదీ నుంచే లెక్కకు వస్తుంది.

పూర్వపు ఆడిట్ ఉద్యోగి

వర్క్స్ ఆడిట్‌లో పనిచేసిన అనుభవంతో ఆ పేరా సంగతి మాత్రమే చెబుతాను. ఆడిట్ పేరా మీమీద వెలువడిన తీర్పు కాదు. అకౌంటెంట్ జనరల్ కార్యాలయం ప్రశ్నించేది డివిజన్‌ను, కాంట్రాక్టరును కాదు. 'మంజూరు లేని ఐటమ్‌కు 6 లక్షలు ఎలా చెల్లించారు' అన్న ప్రశ్నకు డివిజన్ ఇవ్వగల జవాబులు రెండు. ఆ పని అవసరమని, జరిగిందని రికార్డుతో చూపి, అధికారం ఉన్న అధికారి నుంచి కారణాలతో సహా మంజూరు తెచ్చి పంపడం ఒకటి. కాంట్రాక్టరు నుంచి వసూలు చేస్తున్నామని రాసి పేరా మూయించుకోవడం రెండోది. రెండోదానికి ఒక్క పేజీ చాలు, మొదటిదానికి ఫైలు కదలాలి, అందుకే చాలా డివిజన్లు రెండోదాన్నే ఎంచుకుంటాయి. ఆడిట్ చెప్పిందన్న కారణం ఒక్కటీ అగ్రిమెంటు కింద వసూలుకు సరిపోదు. ఏ క్లాజు కింద కోస్తున్నారో చెప్పమని, మీ వాదన వినమని రాతపూర్వకంగా అడిగే హక్కు మీకు ఉంది.

ఆడిట్ ఎందుకు అంత పట్టుపడుతుందో కూడా మీరు గ్రహించాలి. కంటికి కనబడకుండా కప్పబడిపోయే పనులలోనే డబ్బు ఎక్కువగా మాయమవుతుంది. నేలలోపలి మట్టి మార్పిడి, రాతి తవ్వకం, పూడిక తీత, దూరం నుంచి తెచ్చామని చూపే గ్రావెల్. గ్రావెల్ వచ్చిందన్న క్వారీ ఎక్కడ, అక్కడి నుంచి సైటుకు లీడ్ (మోసిన దూరం) ఎంత, సీనరేజి (ఖనిజాల మీద ప్రభుత్వ రుసుము) ఏ పర్మిట్ల మీద చెల్లించారు అన్నవి మేము మొదట అడిగే ప్రశ్నలు. వాటికి మీ దగ్గర జవాబు ఉంటే ఆ పర్మిట్ల నకళ్లను, లారీ బిల్లులను ఒక లేఖతో ఈఈకి, ప్రతిని ఎస్‌ఈకి ఇచ్చి, మంజూరు ప్రతిపాదన పంపమని కోరండి. ఎస్‌ఈ మంజూరు చేస్తే పేరా దానంతట అది పడిపోతుంది, మీ 13 లక్షలకూ దారి తెరుచుకుంటుంది. కోర్టుకు వెళ్లక ముందు చేయదగిన పనుల్లో ఇదే అన్నిటికన్నా తక్కువ ఖర్చుది.

మరొక విషయం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరు 29న ఇచ్చిన మార్గదర్శకాల్లో, రన్నింగ్ బిల్లు ఇచ్చిన 10 పని దినాల్లో కనీసం 75 శాతం, మిగతాది 28 పని దినాల్లో చెల్లించాలని ఉంది. అది కేంద్ర శాఖల పనులకు వర్తించేది. మన రెండు తెలుగు రాష్ట్రాల అగ్రిమెంట్లలో కూడా ఇలాంటి గడువు, ఆలస్యమైతే వడ్డీ, స్పష్టంగా రాసి ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఎప్పుడు డబ్బు వస్తుందో తెలియని పనికి కాంట్రాక్టర్లు ఆ అనిశ్చితిని రేటులోనో నాణ్యతలోనో కలుపుకుంటారు, దాన్ని ఏ ఆడిటూ పట్టుకోలేదు.

ఆయకట్టు రైతు

నేను కాంట్రాక్టరును కాదు, నీటి వినియోగదారుల సంఘంలో పనిచేస్తున్న రైతును. లైనింగు పనులను మేము మరో వైపు నుంచి చూస్తాము. కల్వర్టు దగ్గర స్లాబు పగిలితే చివరి భూములకు నీళ్లు అందక నష్టపోయేది మేమే కాబట్టి, పనిచేసే రోజుల్లో కాలువ గట్టు మీద నిలబడి చూస్తూనే ఉంటాము. సమాచార హక్కు చట్టంలో కాగితాలు అడగడమే కాక పనిని తనిఖీ చేసే హక్కు, ధ్రువీకరించిన నమూనాలు తీసుకునే హక్కు కూడా ఉన్నాయని చాలామంది రైతులకు తెలియదు. మా సంఘం దాన్ని వాడుకుంది.

మీకు ఉపయోగపడే మాట ఒకటుంది. హెడ్ రెగ్యులేటరు దగ్గర లస్కరు (కాలువ కాపలా ఉద్యోగి) రోజూ గేజి (నీటి మట్టం కొలత) చూసి రిజిస్టరులో రాస్తాడు. 2022లో మీ మేజరుకు నీళ్లు ఏ తేదీన వదిలారో, ఎంత లోతున పారాయో అందులో ఉంటుంది. మీ పనికి ఆటంకం కలిగిన రోజులను చెప్పడానికి శాఖ సొంత చేతిరాత కన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది? డివిజన్‌లో 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, గేజి రిజిస్టరు నకలు, లెవెల్ ఫీల్డ్ బుక్ నకలు, ఎం-బుక్ పేజీలు, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టులు, ఆడిట్ పేరాకు డివిజన్ ఇచ్చిన జవాబు, అన్నీ ఒకేసారి అడగండి. 30 రోజుల్లో ఇవ్వకపోతే మొదటి అప్పీలు వేయండి. ఆ మట్టి తీసినప్పుడు చూసిన రైతులు ఉంటే, సంఘం తీర్మానం ద్వారా ఆ విషయం నమోదు చేయించడం కూడా ఆలోచించండి.

డెల్టా కాంట్రాక్టరు

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. లెవెల్స్ మూడు దశల్లోనూ తీసినట్టు మా సూపర్‌వైజరు డైరీలో ఉంది, ఫీల్డ్ బుక్ నకళ్ల కోసం దరఖాస్తు పెడుతున్నాను. సీనరేజి పర్మిట్లు నా దగ్గరే ఉన్నాయి. పొడిగింపు దరఖాస్తుల్లో అదనపు రేట్లు అడగనన్న వాక్యం ఉన్నది, కాబట్టి ధరల సంగతి పక్కన పెడుతున్నాను. జీఎస్టీ మా అగ్రిమెంటులో విడిగానే ఉంది. న్యాయవాది గారికి ఒక్క సందేహం: డివిజన్ వసూలు లేఖలో, మిగిలిన గ్రావెల్ పరిమాణం 'కొలతల ప్రకారం చెల్లించవలసి ఉన్నా మంజూరు లేనందున' ఆపామని రాశారు. ఇది నాకు పనికివస్తుందా? ఇప్పుడు జరిమానా వేస్తామని కూడా అదే లేఖలో ఉంది.

న్యాయవాది, విజయవాడ

చాలా పనికివస్తుంది. ఆ లేఖ ఎవరి సంతకంతో, ఏ తేదీన ఉన్నదో చూడండి. మూడేళ్ల గడువు ముగియక ముందే, అధికారం ఉన్న అధికారి బాకీని రాతపూర్వకంగా ఒప్పుకుంటే, కాలపరిమితి చట్టం 18వ సెక్షన్ కింద ఆ తేదీ నుంచి కొత్త మూడేళ్లు మొదలవుతాయి. అయినా దానిమీదే భారం వేసి కూర్చోకుండా 80వ సెక్షన్ నోటీసును ఈ నెలలోనే పంపండి, ఆ లేఖను అందులో ఉటంకించండి. జరిమానా విషయంలో, జరిమానా లేకుండా పొడిగింపు ఇచ్చి, పనిని అభ్యంతరం లేకుండా స్వీకరించిన తర్వాత ఆలస్యానికి పరిహారం అడగాలంటే, స్వీకరించే సమయంలోనే నోటీసు ఇచ్చి ఉండాలని కాంట్రాక్టు చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. పొడిగింపు ఉత్తర్వుల నకళ్లు నోటీసుకు జతచేయండి. ఎఫ్‌ఎస్‌డీకి సంబంధించి డిఫెక్ట్ లయబిలిటీ కాలం (పనిలో లోపాలకు కాంట్రాక్టరు బాధ్యత ఉండే కాలం) ముగిసిన తేదీ, ఆ కాలంలో శాఖ నుంచి మరమ్మతు నోటీసు ఏదీ రాలేదన్న సంగతి విడి పేరాలో రాసి, దాన్ని మిగతా వివాదంతో కలపకుండా విడిగా కోరండి.